గొంగడమ్మ గుట్ట మీది సంజె పిలుపు

వంకదొడ్డి దాటి ఎర్రకనుమ వైపు నడిచే యాత్రికులకు దారి పక్కన ఒక రాతిగుట్ట కనబడుతుంది. ఆ గుట్ట నడుమ ఉన్న సొరికెలో, అంటే ఇరుకు గుహలో, గొంగడమ్మ తల్లి వెలసి ఉంది. గుడికి గోపురం లేదు, తలుపు లేదు. లోపలికి పోవాలంటే ఎంతటివారైనా తలపాగా తీసి మోకాళ్ళ మీద పాకవలసిందే. తల్లికి పట్టుచీర కట్టరు. నల్ల గొర్రెబొచ్చుతో నేసిన గొంగడి కప్పుతారు. కళ్ళెదుట ఘోరం చూసి బెదిరిపోయిన పసిపిల్లలను పెద్దలు ఇక్కడికి తీసుకొస్తారు. సొరికెలో దాగిన బిడ్డను చెయ్యి పట్టి బయటికి లాగడం ఈ గుట్ట మీద మహాపరాధం. ఆ కట్టుబాటు ఎందుకు పుట్టిందో తెలుసుకొని మరీ లోపలికి పోవాలి.

పూర్వం ఈ గుట్ట కింద గొర్రెల దొడ్డి ఉండేది. దాన్ని చూసుకునే లచ్చుమక్క భర్త పాము కరిచి పోయాడు. ఆమె తన ఆడబిడ్డ సుంకక్కతో కలిసి మంద కాచుకుంటూ, కూతురు ఈరమ్మను పెంచుకునేది. ఈరమ్మకు అప్పుడు పాలపళ్ళయినా ఊడలేదు. వదినా ఆడబిడ్డలు ఒకే కంచంలో తినేవారు. సుంకక్కకు పిల్లలు లేరు, వదినే లోకం.

ఒకనాడు సుంకక్క గొంగళ్ళు అమ్మడానికి సంతకు పోయింది. సంజెవేళ కనుమలోంచి దొంగలు దిగారు. లచ్చుమక్క బిడ్డను సొరికెలో కూర్చోబెట్టి గొంగడి కప్పింది. "నేను పిలిచేదాంక బయటికి రావొద్దు పాపా" అని చెప్పి, మంద దగ్గరికి పరుగెత్తింది. గొంగడికి ఒక చిరుగు ఉంది. తల్లిని నరకడం బిడ్డ ఆ చిరుగులోంచి చూసింది.

సుంకక్క వచ్చేసరికి మంద లేదు, వదిన ప్రాణంతో లేదు. బిడ్డ ఉంది. సొరికెలోంచి గొంగడితో సహా ఎత్తుకొని ఇంటికి తెచ్చింది. "అమ్మ యాడ అత్తా?" అని బిడ్డ అడిగింది. ఉన్న మాట నోటితో అంటే నిజంగానే వదిన పోయినట్టవుతుందని సుంకక్క భయం.

"పుట్టింటికి పోయింది. వస్తుందిలే" అంది.

ఊరివాళ్ళూ అదే పాట పాడారు. పసిదానికి అబద్ధం చెప్పడం దయ అనుకున్నారు. చెప్పినవాళ్ళకు అది ఊరట; మోసింది మాత్రం బిడ్డ. చూసిన కళ్ళను నమ్మాలో, పెంచే చేతులను నమ్మాలో తెలియక ఈరమ్మ మాట మానేసింది. గొంగడిలోనే తినేది, గొంగడిలోనే పడుకునేది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే అంచు ఎత్తి చూసేది. పిలిచింది తల్లి కాదని తెలియగానే మళ్ళీ ముడుచుకునేది. అది చూసినప్పుడల్లా సుంకక్క ఇంటి వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చేది. 'ఒక్కసారి అత్తా అంటే చాలు' అని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

పొరుగింటి ఓబులవ్వ ఊరుకుంటుందా! "ఏమే సుంకీ, దాన్ని నెత్తిన పెట్టుకుంటివి, ఇంక దిగదు. ఆ కంపు గొంగడి పెరికి పొయ్యిలో పెట్టు. రెండు దినాలు ఏడ్చి మరిచిపోతుంది" అని సాధించింది. మంత్రగాడొకడు గాలి సోకిందని చెప్పి వేపమండలతో కొట్టాడు. నలుగురూ పట్టుకొని గొంగడి లాగారు. బిడ్డ గుడ్డలు తడిపేసుకుంది, లాగిన చేతిని కరిచింది. గొంగడి లాక్కొని గుట్ట మీది సొరికెలోకి పారిపోయి దాక్కుంది.

సుంకక్క సొరికె ఎదుట కూర్చుని పిలిచి పిలిచి అలసిపోయింది. మిట్టమధ్యాహ్నం బండకు ఆనుకొని కునుకు తీసింది. కలలో ఒక స్త్రీ నల్ల గొంగడి ముసుగేసుకొని గొర్రెల నడుమ కూర్చుని ఉంది.

"ఎవరు తల్లీ నువ్వు? ముఖం చూపవేమి?" అని సుంకక్క అడిగింది.

"చూడాలంటే లోపలికి రావాలి. బిడ్డను బయటికి పిలిచేవాళ్ళు ఊరంతా ఉన్నారు. లోపలికి పోయినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? పో. అబద్ధాన్ని మాత్రం గడప బయటే వదిలిపెట్టి పో" అంది ఆ స్త్రీ.

సుంకక్క ఉలిక్కిపడి లేచింది. మోకాళ్ళు చెక్కుకుపోతున్నా పాకుతూ సొరికెలోకి పోయింది. గొంగడి లాగలేదు. పక్కన కూర్చుని, వెనకరాతికి వీపు ఆనించి, ఊరక ఉంది. ఎండ వాలింది. చివరికి గొంగడి అంచు కదిలి, చిన్న చెయ్యొకటి ఆమెను లోపలికి లాక్కుంది. ఒకే చీకట్లో ఇద్దరూ కూర్చున్నారు.

"అమ్మ పిలిచేదాంక రావొద్దనింది అత్తా. ఇంకా పిల్చలేదు గదా" అంది ఈరమ్మ.

సుంకక్కకు అప్పుడు అర్థమైంది. బిడ్డది మొండితనం కాదు, గాలీ కాదు. తల్లి చెప్పిన మాటను నిలబెట్టుకుంటూ ఉంది.

"పాపా, నేను అబద్ధం చెప్పినాను. అమ్మ పుట్టింటికి పోలేదు. దొంగలు చంపినారు, చచ్చిపోయింది. ఇంక పిలవదు."

"నేను చూసినా."

"చూసినావు. అది నిజమే."

"నేను అరిచింటే?"

"నిన్నూ చంపేసి ఉందురు. అమ్మ చెప్పినట్టే చేసినావు. తప్పు వాళ్ళది, నీది కాదు."

బిడ్డ చాలాసేపు ఏడ్చింది. సుంకక్క ఊరుకోమనలేదు, తానూ ఏడ్చింది. ఏడుపు అణిగాక బిడ్డ అడిగింది: "అయితే ఇంక నన్ను ఎవరు పిలుస్తారు?"

"నేను పిలుస్తా. దినమూ పిలుస్తా. నీకు రావాలనిపించినప్పుడే రా" అంది సుంకక్క.

ఆమె బయటికి పాకి, సొరికె ముందు కూర్చుని, "ఈరమ్మా, రా తల్లీ" అని ఒక్కసారే పిలిచింది. మళ్ళీ పిలవకుండా కాచుకుంది. పొద్దు కనుమలో దిగే వేళకు ఈరమ్మ వచ్చింది. ఒంటి మీద గొంగడి లేదు. తాము ఆనుకున్న రాతికి కప్పి వచ్చింది. "లోపల ఒకామె ఉంది అత్తా. వెచ్చగా ఉంది" అంది. సుంకక్క తొంగి చూస్తే ఆ రాయి ముసుగేసుకొని కూర్చున్న స్త్రీ రూపంలో ఉంది. ఆమే గొంగడమ్మ.

ఆ సాయంత్రంతో అన్నీ చక్కబడ్డాయని రాస్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఈరమ్మ ఎన్నోసార్లు సొరికెకు తిరిగి వచ్చింది. చెప్పిన కథే చెప్పింది. సుంకక్క ప్రతిసారీ వెంట పాకి, చాలు అనకుండా విన్నది. ఇంట్లో పూట తప్పకుండా ముద్ద పెట్టింది. ఎక్కడికి పోయినా చెప్పి పోయింది, చెప్పిన వేళకు వచ్చింది. ఈరమ్మ పెరిగి గొంగళ్ళు నేసింది, గొంగడమ్మ తల్లికి తొలి పూజారి అయింది. అయినా సంజెవేళ కనుమ వైపు చూడని రోజు లేదు. తల నెరిశాక ఒకనాడు అలా చూస్తూ, "నాలాగ పిలుపు కోసం కాచుకొన్న బిడ్డలు ఎక్కడెక్కడ ఉండారో" అని, గొంతెత్తి కనుమలోకి పిలిచింది.

నేటికీ ఇక్కడ ఆ మర్యాద తప్పలేదు. బిడ్డను తెచ్చినవారు వెంట పాకి లోపల కూర్చుంటారు. ఏం జరిగిందని గుచ్చి అడగరు, మరిచిపొమ్మనరు, అబద్ధమాడరు. బిడ్డ చెబితే వింటారు. చెప్పకపోతే ఊరక తోడుంటారు. తరువాత బయటికి వచ్చి, పేరు పెట్టి ఒక్కసారే పిలుస్తారు. ఆ పూట రాని బిడ్డలూ ఉన్నారు. మళ్ళీ తీసుకొస్తారు. ఓపిక లేనివారు ఈ గుట్ట ఎక్కనక్కరలేదు. ఓపికతో కూర్చున్నవారి బిడ్డలకు నిద్రలో ఉలికిపాటు తగ్గుతుందనీ, తల్లి వారిని విడవదనీ భక్తుల నమ్మకం.

ప్రతి సంజెకూ పూజారమ్మ దీపం పెట్టి, ఆనాడు ఈరమ్మ పిలిచినట్టే కనుమ వైపు తిరిగి, "రా తల్లీ" అని పిలుస్తుంది. ఎదుట ఎవరూ ఉండరు. దీపంలో నూనె అయిపోయేదాకా ఆమె కదలదు.