తీగలు మారిన వీణ

శశిభూషణం చేసిన వెబ్‌సైట్‌ను చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. అందులో పాఠం విన్నామని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అదే అతని బాధ.

విజయనగరంలో కాత్యాయనిగారి దగ్గర వీణ నేర్చుకున్న ఆఖరి శిష్యుడతను. ఉద్యోగం కంప్యూటర్ల మీద, ప్రాణం వీణ మీద. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయి అమ్మగారు వాయించడం మానేశాక, ఆ ఇంట్లో మిగిలింది ట్రంకుపెట్టె నిండా పాత క్యాసెట్లు. ఒకప్పుడు పాఠం చెబుతూ ఆవిడ రికార్డు చేసుకున్నవి. వాటన్నిటినీ అతను వేసవంతా కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ క్యాసెట్లలో వీణతోబాటు పెంకుల మీద వర్షం చప్పుడుంది, వీధిలో పాలవాడి కేక ఉంది, తప్పు వాయించిన పిల్లని "మళ్ళీ" అనే అమ్మగారి పడుచు గొంతుంది. ఆ "మళ్ళీ" విన్నప్పుడల్లా అతనికి కళ్ళు చెమర్చేవి. తాను పుట్టని కాలం మీద కూడా బెంగ పెట్టుకోవచ్చని అప్పుడే తెలిసింది.

అంతటి సంపదను మామూలుగా పెడితే ఏం బాగుంటుంది అనుకున్నాడు. సైటు తెరవగానే తంబూరా దానంతటదే మోగుతుంది. నల్లటి తెర మీద తామరమొగ్గ మెల్లిగా, మహా మెల్లిగా విచ్చుకుంటుంది. ఏ రేకు వెనక ఏముందో తాకితే గాని తెలియదు. తాకితే వచ్చే పేర్లేమో "వెన్నెల", "పరిమళం", "అలలు". పాఠాలు "అలలు"లో ఉన్నాయి. ఎందుకున్నాయో అతన్నే అడగాలి. పేరు కొట్టి వెతుక్కునేందుకు ఒక గడి పెట్టరాదా అని స్నేహితుడు అంటే, అందం చెడుతుందని కొట్టిపారేశాడు.

ఒకరోజు అతను అమ్మగారి దగ్గర ఉండగానే బరంపురం నుంచి సర్వలక్ష్మిగారు ఫోన్ చేశారు. అమ్మగారి తొలినాటి శిష్యురాలు. ఇప్పుడు ఆవిడకీ వయసు మీదపడి చూపు మందగించింది.

"నా చిన్నప్పటి మోహన రాగం పాఠం ఉంటుందేమోనని పొద్దుటినుంచీ చూశానండీ అమ్మగారూ. ఆ పువ్వు తప్ప నాకేమీ కనబడలేదు. మా అమ్మ నా పక్కన కూర్చుని తాళం వేసిన చప్పుడుండేది అందులో. ఒక్కసారి వినాలనిపించింది. ఆ క్యాసెట్ పోయుంటుంది లెండి..." అంటూనే ఫోన్ పెట్టేశారు.

పక్కనే ఉండి విన్న శశిభూషణానికి చిర్రెత్తింది.

"పోవడమేమిటండీ! అన్నీ అందులోనే ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా చూడలేదు, అంతే."

కాత్యాయనిగారు అతనికి కాఫీ ఇప్పించి పంపేశారు.

మర్నాడు సాధనకి వెళ్ళేసరికి చాప మీద ఆవిడ సొంత వీణ ఉంది. ఏళ్ళ తరబడి ఆవిడ చేతుల్లో నునుపు తేలిన పనస కర్ర వీణ. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

"మోహన వాయించు. నాకూ వినాలనుంది."

అతను పొంగిపోయాడు. వీణకు దణ్ణం పెట్టి కూర్చుని, అలవాటుగా కళ్ళు మూసుకుని మీటాడు. సన్నటి సారణి తీగ పలకవలసిన చోట లావుపాటి మంద్రం బొంగురుగా మూలిగింది. వేలు పక్కకు జరిపాడు. అదీ కాదు. ఇన్నేళ్ళ సాధన ఏమైపోయిందో, చేయి మెట్ల మీద దారితప్పి తచ్చాడింది.

"అమ్మగారూ, తీగలు తారుమారయ్యాయండీ!"

"తెలుసు. నిన్న సాయంత్రం వీణల మేస్త్రిని పిలిపించి నేనే మార్పించాను. నాకు మతి పోయిందనుకున్నాడు పాపం. శ్రుతి బాగానే ఉందా?"

"ఉందండీ."

"తీగేమైనా తక్కువైందా?"

"లేదండీ. కానీ..."

"అన్నీ అందులోనే ఉన్నాయి నాయనా. ఓపిగ్గా చూడు."

అతని చేయి తీగల మీదే ఆగిపోయింది. బరంపురంలో ఒక ముసలి వేలు నల్లటి తెర మీద రేకు రేకూ తడుముకోవడం కళ్ళకు కట్టింది. తలెత్తలేనంత సిగ్గేసింది.

కాసేపటికి తీగలు సరిచేద్దామని బిరడా మీద చేయి వేశాడు. ఆవిడ వారించారు.

"వీణకేం తొందర? నేను వాయించేదుందా పెట్టేదుందా. అక్కడ సర్వలక్ష్మి వాళ్ళమ్మ కోసం వెతుక్కుంటోంది."

అతను లేచి వరండాలోకి వెళ్ళి బరంపురానికి ఫోన్ చేశాడు. క్యాసెట్ పోలేదని, పాఠం భద్రంగా ఉందని చెప్పాడు. అవతల ఆవిడ తనకే సరిగ్గా చూడ్డం రాలేదంటూ నొచ్చుకోబోయారు.

"అది కాదమ్మా," అన్నాడు శశిభూషణం. "మీరు ముందుగా ఎక్కడ చూశారో చెప్పండి. అక్కడే పెడతాను."