మాటలు పంచుకున్న అన్నదమ్ములు

తాటిగెడ్డ ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ముద్ద కట్టి ఉందని గున్నయ్యకి గట్టి నమ్మకం. మిగతా ఊరికి ఏమైనా ఉంటే, అది తమ గుమ్మం ముందు ఒలికిపోయినదేనట!

తమ్ముడు దాలయ్యతో ఆస్తి పంచుకునే రోజున, పెద్దమనుషుల ముందు "ఒరే తమ్ముడా, నీకేటి కావాలో చెప్పు" అన్నాడు. అంతే. దాలయ్య గయ్యిమన్నాడు.

"నలుగురిలో నాకు చెప్పు చూపిస్తావా?"

ఇంకేముంది, పొలం గొడవ పక్కకి పోయింది. ఒకే మాటకి రెండు అర్థాలుంటే కొంపలు కూలతాయని గున్నయ్య తేల్చేశాడు. "అర్థాలు కూడా పంచేసుకుందాం, చెరొకటి" అన్నాడు. పెద్దమనుషులు నవ్వాపుకుని సరేనన్నారు. వాళ్ళకి మాత్రం కాలక్షేపం వద్దూ!

చెప్పులో తొడుక్కునేది అన్నకి, నోటితో అనేది తమ్ముడికి. ఏడులో అంకె అన్నకి, ఏడుపు తమ్ముడికి. కాలులో నడిచేది అన్నకి, మండేది తమ్ముడికి. మాటతోపాటు సరుకు కూడా వాటాదారుదేనని కాగితం మీద వేలిముద్రలు వేశారు.

మర్నాడు దాలయ్య తన మేకల్ని లెక్కపెడుతూ, ఆరు దాటగానే ఎనిమిదిలోకి దూకాడు. ఒకటి ఎక్కువొచ్చిందని హడలిపోయి, పరాయి సొమ్ము పాపమని, ఓ మేకని పొలిమేర దాటించి వదిలేశాడు. గున్నయ్య పెళ్ళాం పోలమ్మ వేలి మీద రోకలి పడింది. ఏడుపు మరిది వాటా కదా! పళ్ళు బిగించుకుని వాళ్ళింటికెళ్ళి, తన బదులు అతని చేత ఏడిపించుకుని వచ్చింది.

ఓ మధ్యాహ్నం గున్నయ్య పశువులపాక అంటుకుంది. లోపల ఈనిన గేదె ఉంది. ఇల్లు గడిచేది దాని పాల మీదే. గున్నయ్య అరవడానికి నోరు తెరిచాడు, మూశాడు. ఆ మాట తమ్ముడిది మరి! పడుతూ లేస్తూ దాలయ్య ఇంటికి పరిగెత్తాడు.

"తమ్ముడా, నీ మాట ఒకటి అరువియ్యాల్రా."

"ఏ మాటన్నా?"

"అది నాను అనకూడదు. నీది."

"ఏడుపా?"

"కాదురా. వేడిగా ఉంటాది, ఎర్రగా ఉంటాది."

దాలయ్య అరుగు మీద చతికిలబడి తీరిగ్గా ఆలోచించాడు. పొగ ముక్కుకి తగిలాక గానీ తట్టలేదు. "కాలుతోందా?"

"అదే, అదే!" గున్నయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు.

ఇద్దరూ వెళ్ళేసరికి గేదె తాడు తెంపుకుని, దూడని వెంటేసుకుని బయట నిలబడి ఉంది. ఆ ఇంటి తెలివంతా దాని వాటాకే వచ్చినట్టుంది. దాన్ని చూడగానే గున్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. సంతోషంతో ఏడవబోయి, ఏడుపు తనది కాదని మింగేసి, నీళ్ళబిందె ఎత్తాడు.

దాలయ్య అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఆగన్నా! మండేది నా వాటా. నా సొత్తు మీద నీళ్ళు పోసేస్తావేటి?"

గున్నయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ఎంత తప్పు చెయ్యబోయాడు! బిందె దించేశాడు. "నీ సొత్తు నాకెందుకురా? పట్టుకుపో."

మండుతున్న వాసం ఒకటి పీకి, ఒక్క నిప్పురవ్వ కూడా దారిలో రాలకుండా ఇద్దరూ జాగ్రత్తగా మోసుకెళ్ళి, దాలయ్య ఇంటి తాటాకు కప్పు మీద పెట్టారు. అది భగ్గుమన్నాక గానీ గున్నయ్య మనసు కుదుటపడలేదు.

"సరిపోయిందో లేదో చూసుకోరా" అన్నాడు తమ్ముడి భుజం తట్టి. "తక్కువైతే మొహమాటపడకు, ఇంకో వాసం తెస్తాను."