జానెడు కర్ర

నామయాచార్యులు ఏ శిష్యుణ్నీ తన ఇంట్లో పడుకోనిచ్చేవారు కారు. పాఠం చెప్పేది వాకిట్లో, అన్నం పెట్టేది పడవమీద. వాన కురుస్తున్నా సరే, తాటాకు గొడుగు చేతికిచ్చి ఎదుటి సత్రానికి పంపేసేవారు. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, నీళ్ళమీద ఆ పట్నమంతా లేచింది ఆయన చేతిమీదుగానే. అంతటి మనిషికి చాపెడు చోటిచ్చే మనసు లేదేమిటని జనం విడ్డూరంగా చెప్పుకునేవాళ్ళు. మడి అన్నారు కొందరు. "మడీ లేదు, గిడీ లేదు. గురక పెడతాడేమో, సిగ్గు!" అనేది చేపలమ్మే అచ్చాయి. ఆ నవ్వు వాడంతా సరిపోయేది.

ఆయన దగ్గర పదకొండేళ్ళుగా పని నేర్చుకుంటున్న కొమ్మన కూడా ఆ నవ్వులో కలిసినవాడే. కానీ కొత్త అమావాస్యనాటి మధ్యాహ్నం ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడినప్పుడు అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అయ్యగారూ, దుంగ తల జానెడు పైకి ఉంటే తప్పా? ఏడాదికి రెండు మూడు రోజులే గాలి తగిలినా తప్పేనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వెనక ఏముందో తెలియాలంటే నీళ్ళమీద ఊరు ఎలా కడతారో కాస్త చెప్పుకోవాలి. బురదలో బండ వేస్తే బండే దిగిపోతుంది. అందుకని మద్దిదుంగలకు మొన చెక్కి, రాతిగుండును తాళ్ళతో ఎత్తి వేసి, అడుగున గట్టినేల తగిలేదాకా దించుతారు. ఇరవై దెబ్బలు వేసినా వేలెడు కదలకపోతే అది నిలిచినట్టు. అలా ఒకదాని పక్కన ఒకటి, వందలకొద్దీ. ఆ తరువాత వాటి తలలన్నీ ఒకే మట్టానికి కోసి, మీద పలకలు పరిచి, రాయి పేరుస్తారు. నీళ్ళలో కర్ర కుళ్ళదా అని బయటివాళ్ళు నోరు తెరుస్తారు. నిత్యం బురదనీళ్ళలో మునిగి ఉన్న కర్ర కుళ్ళదు. నిత్యం పొడిగా ఉన్నదీ కుళ్ళదు. ఒకసారి తడిసి, ఒకసారి ఆరేదే చెడుతుంది. పొలంగట్టుమీద కంచె గుంజను చూడండి: పైన బాగానే ఉంటుంది, పాతిన మొనా బాగానే ఉంటుంది, నేలతో కలిసేచోటే పుటుక్కున విరుగుతుంది. కాబట్టి కిటుకంతా కోతలో ఉంది. ఏడాది మొత్తంలో అన్నిటికన్నా లోతుగా నీరు తీసే ఆటులో కూడా దుంగ తల గాలి చూడకూడదు. ఆ ఆటు వచ్చేది ఉగాది ముందటి కొత్త అమావాస్యకే.

పడమటి వీధి పని కొమ్మనకు అప్పగించి, ఆచార్యులు దుంగలు ఎంచడానికి మన్యం వెళ్ళారు. "కొత్త అమావాస్యదాకా ఆగు" అని చెప్పే వెళ్ళారు. కొమ్మన ఆగలేదు. కార్తీక అమావాస్యనాటి ఆటు చూసి, ఇంతకంటే నీరు ఏం దిగుతుందిలే అనుకున్నాడు. మూడువందల పన్నెండు దుంగల తలలు కోయించాడు. కూలీలు కంఠంలోతు నీళ్ళలో వణుకుతున్నారన్న జాలి కొంత, తనంతట తానొక వీధి నిలబెట్టానని గురువుకు చూపాలన్న ఆత్రం ఇంకొంత.

గురువు తిరిగొచ్చిన మూడోనాడు నీరు తీసింది. పదకొండేళ్ళుగా చూస్తున్నా కొమ్మన ఎన్నడూ కొలిచి చూడలేదు; తను అనుకున్నదానికన్నా జానెడు కిందికి తీసింది. మునిగిపోయిన మనుషులు ఒక్కసారిగా లేచినట్టు మూడువందల పన్నెండు తలలూ నల్లగా పైకి తేలాయి. తెల్లవారితే రాయి మోసుకొచ్చే పడవలు వస్తాయి. రాయి పేర్చాక ఆ తలలను ఇక ఎవరూ చూడలేరు. ఆ వీధి ఎప్పుడు లేస్తుందా అని నలభై కుటుంబాలు పడవల్లో కాపురం చేస్తున్నాయి.

కూలీల పెద్ద నూకన్న పక్కనే ఉన్నాడు. "ఏటి బాబూ అలా బిగుసుకుపోనావు? పోటొస్తే అవే ములిగిపోతాయి. మనిద్దరం నోరు మూసుకుంటే సరి" అన్నాడు.

ఆ మాట కొమ్మనకు నచ్చింది. నచ్చినందుకే భయమేసి, గురువు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

ఆచార్యులు తలుపు తీశారు. "లోపలికి రా" అన్నారు.

పదకొండేళ్ళలో మొదటిసారి కొమ్మన ఆ గడప దాటాడు. ఆచార్యులు గది మధ్య చాప తీసి, గునపంతో నేలపలక ఎత్తారు. దాని కింద రెండు రాళ్ళు ఎప్పుడో తీసిపెట్టి ఉన్నాయి. ఆ కంతలోంచి చల్లటి గాలి కొట్టింది.

"చెయ్యి పెట్టు."

కొమ్మన బోర్లా పడుకుని చెయ్యి దించాడు. దుంగ తల తగిలింది. పట్టుకోబోతే వేళ్ళు లోపలికి దిగిపోయాయి. నానిన అటుకుల్లో పెట్టినట్టు మణికట్టుదాకా దిగింది చెయ్యి. కెవ్వుమని లాక్కున్నాడు. గుప్పిట్లో వచ్చింది కర్ర కాదు, పుట్టమన్నులాంటి ముద్ద.

"ఇంకా కిందికి."

జానెడు కింద, నీళ్ళలో, అదే దుంగ. గోరు కూడా దిగలేదు. ఏనాటిదో గొడ్డలి వేటు అంచు ఇంకా వేలికి గీరుకునేంత పదునుగా ఉంది.

కొమ్మన లేచి కూర్చున్నాడు. అప్పుడు చూశాడు తల ఎత్తి. దూలం ఒక పక్కకు ఒరిగి ఉంది. వాకిట్లోంచి కనబడని వెనకగోడలో చెయ్యి పట్టేంత చీలిక. దాని కిందే ఆచార్యుల పడక, మడత పెట్టిన దుప్పటి. ఇన్నేళ్ళూ వాడంతా నవ్వింది దీన్ని చూడకే.

"ఇది ఎవరు కోశారు అయ్యగారూ?" అని అడిగాడు.

"నేనే. ముప్పైనాలుగేళ్ళయింది. మా మామ కూతుర్ని పెళ్ళాడి ఈ ఇంటికి తెచ్చుకోవాలన్న తొందరలో కోశాను. రాయి పేర్చాక వచ్చింది కొత్త అమావాస్య."

"మీ గురువుగారు ఏమన్నారు?"

"నీలాగా వచ్చి అడిగితే కదా, ఏమైనా అనడానికి."

కొమ్మన లేచి, గోడకు వేలాడుతున్న రంపం అందుకున్నాడు. ఇంత లోతు ఆటు ఇంకో రెండు రోజులు ఉంటుంది. వాకిట్లోకి వచ్చి, రాతిపడవలను ఆపమని అవతలి గట్టుమీదున్న నూకన్నకు కేక పెట్టాడు. నూకన్న చెయ్యి చెవికి ఆనించి, విన్నది నమ్మలేక మళ్ళీ అడిగాడు. కొమ్మన మళ్ళీ అరిచాడు, ఈసారి ఎందుకో కూడా చెప్పి. ఆ కేక నలభై పడవలకూ వినబడింది. తెడ్డు ఆపి వింటున్న అచ్చాయికి కూడా.

పడవ ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "అయ్యగారూ, మరి మీరెందుకు ఇంకా ఈ ఇంట్లో..."

ఆచార్యులు పలక మూసి, దానిమీద చాప సర్దుతున్నారు.

"ఇంకెవర్ని ఉండమంటావు?" అన్నారు.