తొట్టికి రెండు మెట్లు

కూర్మయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కాదు. "రేపు మీ ఇంటికొస్తాను, కాళ్ళకు నీళ్ళు సిద్ధంగా ఉంచు" అనేవారు. భీమిలిలో ఆయన దగ్గర గీత చదువుకునే పదిమందికీ ఈ సంగతి తెలుసు. గౌరునాయుడికీ తెలుసు. అయినా ఆ ఆదివారం ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ప్రేమగా ఇస్తే పుచ్చుకోని మనిషితో ఎలా వేగడం?"

ఆ మనిషి నాయుడి భార్య వరాలమ్మ. నాయుడు తాపీమేస్త్రీగా మొదలై ఊళ్ళో సగం మేడలు కట్టినవాడు. ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళుంటే, వాళ్ళను నాలుగడుగులు నడిపించి చూసిగానీ మెట్టు ఎత్తు తేల్చేవాడు కాదు. అన్నేళ్ళూ అతని పనివాళ్ళందరికీ నిలబడి వండి వడ్డించింది వరాలమ్మే. ఇప్పుడామె ఒళ్ళు నొప్పులంటోందని పెరటివైపు చెక్కల డెక్కు మీద పెద్ద స్పా తొట్టి పెట్టించాడు. నేలలోకి తవ్వేది కాదు, డెక్కు మీదే నడుమెత్తున నిలబడేది. చుట్టూ టేకు పలకలు, లోపల నీలం దీపాలు. మీట నొక్కితే వేడినీళ్ళు బుసబుసా పొంగుతాయి. ఎక్కడానికి రెండే మెట్లు. మూడోది పెడితే అందం చెడుతుందని డిజైనర్ అంటే నాయుడు సరేనన్నాడు.

నెల గడిచింది. వరాలమ్మ రోజూ ఆ పలకలు మురిపెంగా తుడుస్తుంది, లోపల మాత్రం కాలు పెట్టదు. "రేపు చూద్దాం లెండి" అంటుంది. వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించుకున్న తొట్టి కంటపడితేనే నాయుడికి ఇప్పుడు ఉక్రోషం. పీకించేద్దామనే అనుకుంటున్నాడు.

మర్నాడు కూర్మయ్యగారు వచ్చి డెక్కు మీద కూర్చున్నారు. వరాలమ్మ ఆయన కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. ఒక చేతిలో చెంబు. రెండో చెయ్యి ముందు తలుపును పట్టుకుంది, తర్వాత గోడను, ఆ తర్వాత కుర్చీ వీపును. ఆయన ఆ రెండో చేతినే చూశారు. చెంబు అందుకుని పక్కన పెట్టి, వద్దు వద్దంటున్నా ఆమెను తన కుర్చీలో కూర్చోమన్నారు.

"నాయుడూ, ఆ తొట్టిలోంచి ఒక బకెట్టు ముంచుకురా. ముందు మీ ఆవిడ కాళ్ళకి."

"అయ్యో, ఆయన చేతా! నాకు పాపం తగులుతాదండీ," అంటూ వరాలమ్మ లేవబోయి, లేవలేకపోయింది.

"ఆ పాపమేదో నాకు తగలనీలే తల్లీ," అని కూర్మయ్యగారు అటు తిరిగి మందారమొక్కను చూస్తూ నిలబడ్డారు.

నాయుడు గొంతుక్కూర్చుని భార్య పాదాలు వేడినీళ్ళలో పెట్టాడు. సర్దబోతూ చీర మీంచే మోకాలి మీద చెయ్యి వేశాడు. కొబ్బరికాయంత వాపు చేతికి తగిలింది.

"ఇదెప్పట్నించి?"

"రెండేళ్ళయిందండీ."

"తొట్టి వచ్చిన రోజైనా చెప్పొద్దా?"

"అంత సంబరంగా తెచ్చారు. ఎక్కలేనని చెప్పడానికి నోరు రాలేదు."

నాయుడు మోకాలి మీంచి చెయ్యి తియ్యలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో లేనంత ప్రేమ ఒక్కసారిగా ముంచుకొచ్చింది. నీళ్ళు చల్లారితే లేచి మరో బకెట్టు తెచ్చాడు.

వెళ్ళేముందు కూర్మయ్యగారు తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, మెట్ల దగ్గర ఆగారు.

"చాలా బావుంది నాయుడూ," అన్నారు. "ఈ మెట్లకు ఎవరిని నడిపించి చూశావు?"