సువార్త వాళ్లమ్మ బడికి వచ్చిన రోజు

తల్లిదండ్రుల సమావేశానికి ముందురోజు సాయంత్రం నస్రీన్ తన గురువు ప్రసూనాంబ గారి ఇంటికి వెళ్లింది. టీచరుగా చేరాక ఆమెకదే మొదటి సమావేశం. ఏ పిల్ల గురించి ఏం చెప్పాలో అంతా రాసి పెట్టుకుంది. "ఇంకేం సిద్ధం చేసుకోవాలి మేడమ్? వాళ్ల ముందు తడబడకూడదు," అని అడిగింది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన ప్రసూనాంబ గారు ఆ కాగితాలు ఓపికగా చదివి, పక్కన పెట్టి, తాను పనిచేసిన బడిలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

ఆ బడిలో చక్రధర్ అనే లెక్కల మాస్టారు ఉండేవాడు. బద్ధకస్తుడు కాడు, చెడ్డవాడూ కాడు. సమావేశం రోజున తానే దగ్గరుండి వరండా ఊడిపించి కుర్చీలు వేయించేవాడు. ఏ తల్లికి ఏం చెప్పాలో ముందే కంఠతా పట్టేవాడు.

ఒక ఏడాది ఆరో తరగతి సువార్త వాళ్లమ్మ దీనమ్మ వచ్చింది. పత్తి మిల్లులో కూలి. మేస్త్రీని బతిమాలి సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. సువార్తకు పసితనంలో చీము కారి ఎడమ చెవి పోయింది. పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడగడానికే ఆమె వచ్చింది.

ఆమె ఇంకా కూర్చోకముందే మాస్టారు మొదలుపెట్టాడు. "మీ అమ్మాయికి తెలివుందమ్మా. పొగరూ ఉంది. పిలిస్తే పలకదు. వినపడనట్టు నటిస్తుంది."

"అయ్యా, దానికి చెవి..."

"ఆ మాట నాకూ చెప్పిందిలే. తనకు కావలసినవి మాత్రం బాగానే వినపడతాయి. మీరు గారం చేస్తున్నారు, అది మిమ్మల్ని ఆడిస్తోంది."

దీనమ్మ చేతులు జోడించి వెనుదిరిగింది. దారంతా ఆలోచించింది. చదువుకున్నాయన, రోజంతా పిల్లల మధ్య ఉండే మనిషి, ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది? అంతవరకూ కూతురితో మాట్లాడాలంటే కుడివైపుకు వెళ్లి మాట్లాడేది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నుంచే పిలిచింది. పిల్ల తిరిగి చూడలేదు. మళ్లీ పిలిచింది. ఆ తర్వాత లేచి వెళ్లి వెనక నుంచే చెంప మీద కొట్టింది. అంతకుముందు ఎన్నడూ కొట్టి ఎరగదు. తర్వాత అది అలవాటైంది.

కొన్నాళ్లకు సువార్త బడి మానేసింది. ప్రసూనాంబ గారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. "రానని మొండికేసిందమ్మా. ఇప్పుడు అసలేమీ వినపడదంటోంది. అదీ నటనే," అంది దీనమ్మ. "ఇన్నేళ్లూ నన్ను మోసం చేసింది. సారు చెప్పేదాకా నాకే తెలియలేదు."

ప్రసూనాంబ గారు తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఎడమ చెవి ఎప్పుడో పోయిందన్నాడు డాక్టరు. కుడి చెవిని చాలాసేపు చూశాడు. "కర్ణభేరి చిరిగింది. ఎవరు కొట్టారు?" అని అడిగాడు. దీనమ్మ తన కుడిచేతిని కొంగులో చుట్టుకుని, నేల మీద చతికిలబడింది. సువార్త వాళ్లిద్దరి పెదవులనూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. సంగతి తెలిసి చక్రధర్ మాస్టారు బాధపడ్డాడు. "ఆవిడ కాస్త గట్టిగా చెప్పి ఉంటే నేను విననా?" అని అందరితోనూ అన్నాడు. మరుసటి ఏడాది కూడా సమావేశానికి అంత చక్కగానే సిద్ధమై వచ్చాడు.

నస్రీన్, "కన్నతల్లి కదా మేడమ్. పసితనం నుంచీ తాను చూస్తున్నదాన్ని ఎవరో ఒకరు కాదంటే ఎలా నమ్మింది?" అంది.

"ఎవరో ఒకరంటే నమ్మేది కాదు," అన్నారు ప్రసూనాంబ గారు. "టీచరు అన్నాడు కదమ్మా."