ప్రెసిడెంటుగారి బండి ఆగిన చోటు

కుమ్మరిగుంట ప్రెసిడెంటు భుజంగరావు దగ్గర పాత ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటార్ సైకిలు ఒకటుండేది. ఆయన పొలానికి బయల్దేరితే చాలు, సరిగ్గా మెకానిక్ నాంచారి షెడ్డు మలుపులో మీటరు మీద పసుపు లైటు వెలిగి ఇంజను టక్కున ఆగిపోయేది. పట్నం మెకానిక్కులు సెన్సార్లన్నీ మార్చినా అదే తంతు.

ఓ ఉదయం ఆయన గడ్డపారలతో మనుషుల్ని వెంటేసుకుని, ఆగిన బండిని నెట్టిస్తూ ఆ షెడ్డుకి ఊగిపోతూ వచ్చాడు.

"గిరాకీ కోసం నువ్వే ఏదో చేస్తున్నావే! నా బండి ఎక్కడ ఆగితే అక్కడున్నది పీకించేస్తా!"

ఊరంతా మూగింది. నాంచారి ఒక్క మాట అడిగింది.

"తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఆగుతుందా అయ్యగారూ?"

"ఆగదు!"

నాంచారి కళ్లు మెరిశాయి. దారిలో ఉన్నది ఈ ఒక్క మలుపే. వెళ్లేటప్పుడు ఇక్కడ ఎడమకి తిరగాలి, వచ్చేటప్పుడు కుడికి!

వెంటనే ఆయన బండెక్కి నేరుగా భుజంగరావు మేడ ముందుకి పోనిచ్చింది. జనం కేకలేస్తూ వెనకాలే పరిగెత్తారు. ఇంజను నడుస్తుండగానే ఆమె హ్యాండిలు కుడికి తిప్పింది. ఇంజను హాయిగా నడిచింది. ఎడమకి తిప్పింది. పసుపు లైటు వెలిగింది, ఇంజను ఆగింది. మళ్లీ స్టార్టు చేసి తిప్పింది. మళ్లీ ఆగింది. జనం ఈలలేశారు.

"అయ్యగారూ, బండి మీ మేడ ముందే ఆగింది," అంది నాంచారి గడ్డపార అందుకుని. "మీ మాట ప్రకారం మేడ పీకమంటారా? హ్యాండిలు కింద నలిగిపోయిన సెన్సారు వైరు పీకమంటారా?"

భుజంగరావు తన మేడ వంక చూశాడు, గడ్డపార వంక చూశాడు.

"వైరే పీకు తల్లీ!" అన్నాడు.