పులిగాడు గోకని బొంత

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో... ఉండండి, ఉండండి! ఈ కథ అడవిలో జరగలేదు. అడవిలో గోక్కోవడానికి బోలెడు చెట్లుంటాయి, అక్కడ కథే పుట్టదు. ఇది నూకాలమ్మ మామ్మ పెంకుటింట్లో జరిగింది.

ఆ ఇంట్లో మీగడ అనే తెల్లపిల్లి ఉండేది. పులిగాడు అనే కుక్క ఉండేవాడు. పేరుకే పులి! బొద్దింక కనిపిస్తే మామ్మ కుర్చీ వెనక దాక్కునేవాడు. నిద్రలో మాత్రం మహావీరుడు. కాళ్లు టపటపలాడిస్తూ ఎవరెవరినో తరిమేవాడు.

ఒకరోజు మీగడ గోళ్లకి జిల పుట్టింది. గుమ్మానికున్న కర్టెన్‌ని బర్రున గీకేసింది.

"ఎవరి పనే ఇది?" అంది మామ్మ.

"నాకేం తెలుసు మామ్మా? పులిగాడు ఇటే తిరుగుతున్నాడు" అంది మీగడ, మూతి నాక్కుంటూ.

మామ్మ పులిగాడి చెవి మెలిపెట్టింది. వాడు తెల్లబోయి, "నేనా? ఏమో మామ్మా, నిద్రలో గోకేశానేమో" అన్నాడు.

మీగడకి నవ్వాగలేదు. ఇంత తేలికా!

మర్నాడు చాప గీకింది. మళ్లీ అదే మాట చెప్పింది. ఆ పూట పులిగాడి అన్నంలో చేపముక్క పడలేదు. ఆ ముక్క ఏమైందో నన్నడక్కండి, మీగడ మూతినడగండి.

మూడోరోజు సోమవారం. శుక్రవారం మామ్మ మనవరాలి బారసాల. ఆ ఊళ్లో పసిబిడ్డని ఇంటి పెద్దావిడ పాత చీరలతో కుట్టిన బొంత మీదే పడుకోబెడతారు. మామ్మ తన నేతచీరలు నాలుగు మడతపెట్టి, నెల్లాళ్లు కూర్చుని కుట్టింది. అంత మెత్తటి బొంత కళ్లెదురుగా ఉంటే మీగడ గోళ్లు ఊరుకుంటాయా?

ఊరుకోలేదు. బొంత నడుమ జానెడు చిరుగు పడింది. ఈసారీ పులిగాడి పేరే చెప్పింది.

పక్కింటి పైడమ్మ చూసి, "ఏటొదినా, ఇంకా ఈ కుక్కనుంచుతావా? రేపు పిల్లనీ గోకుతాడు!" అంది.

మామ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పులిగాణ్ణి పెరట్లో కొబ్బరిచెట్టుకి కట్టేసింది. "గురువారం మా తమ్ముడొస్తాడు. వీణ్ణి వాడి జీడితోట కాపలాకి పంపేస్తాను" అంది.

'వసారా అంతా నాదే!' అనుకుంది మీగడ. బుధవారం పెరట్లోకెళ్లి చూసింది. పులిగాడు నిలబడే తూలుతున్నాడు.

"పడుకోవేంట్రా?"

"పడుకుంటే మళ్లీ ఏం గోకుతానోనే. సోమవారం నుంచి కన్ను మూయలేదు. నువ్వు కాస్త దూరంగా ఉండు మీగడా. తూలి నిన్ను గోకేస్తానేమో."

మీగడ తోకని పొట్టకింద దాచుకుంది. తోక దాగింది గానీ సిగ్గు దాగలేదు. ఆ రోజు పాలు తాగలేకపోయింది. మామ్మ ఒళ్లో కూర్చోలేకపోయింది.

గురువారం తమ్ముడి ఆటో వచ్చింది. తమ్ముడు కట్టు విప్పుతున్నాడు. మీగడ పరుగున వచ్చి మామ్మ ముందు నిలబడింది.

"మామ్మా, నేనే! కర్టెనూ నేనే, చాపా నేనే, బొంతా నేనే. ఇదిగో, నా గోళ్లలో నీ చీర దారం. చేపముక్క కూడా నేనే తిన్నాను."

మామ్మ ఆ గోళ్లలోంచి దారం మెల్లగా లాగి చూసుకుంది. తిట్టినా బాగుండేది అనిపించింది మీగడకి.

"గోళ్లున్నాక గోకకేం చేస్తావే? అడిగుంటే నేనే చోటు చూపించేదాన్ని. ఆ వెర్రిబాగులోడి మీదకి తోసేశావు చూడు, అది తప్పు" అంది మామ్మ. తమ్ముణ్ణి ఖాళీ ఆటోతోనే పంపేసింది. వసారా స్తంభానికి కొబ్బరితాడు గట్టిగా చుట్టింది. "ఇదిగో, ఇకమీదట నీ గోళ్ల పని ఇక్కడ" అంది. తరవాత బొంత ముందేసుకుని, చిరుగు మీద మాసిక వేయడానికి కూర్చుంది.

పులిగాడు తూలుతూ వచ్చాడు. మామ్మని ఒక్కటే అడిగాడు.

"అయితే నిద్రలో గోకింది నేను కాదా?"

"కాదురా నాయనా."

"పడుకోనా మరి?"

మామ్మ ఊ అనేలోపే స్తంభం పక్కన వాలి గురకపెట్టాడు.

మీగడ గోళ్లు జిలజిలలాడుతున్నాయి. ఎదురుగా కొత్త తాడు. గీకితే బర్రుమంటుంది, వాడు లేస్తాడు. అందుకే మీగడ గోళ్లు లోపలికి ముడుచుకుని, తల వంచుకుని, వాడు లేచేదాకా అలాగే కూర్చుంది.

నీతి: మన తప్పు పక్కవాడి మీదకి తోస్తే దెబ్బ తప్పొచ్చు గానీ, సిగ్గు తప్పదు.